బీ షిఫ్టు పూలు

దుంప ఇచ్చింది తౌడమ్మ,
గోనెముక్కలో చుట్టి, పురికొసతో బిగించి.
చేతికుట్టు సెక్షన్లో ఇరవై రెండేళ్లు
సంచిమూతులు కుట్టిన ముడి అది.
విప్పడానికి నాకు పళ్లు కావాల్సొచ్చాయి.
"సెంద్రకాంత బాబూ. మొన పైకుండాల.
నీల్లు మరీ ఎక్కువ పోసీకు, కుల్లిపోతాది" అంది.
కూర్చోమంటే కూర్చోలేదు.

నెల్లిమర్లలో మా మిల్లుకి తాళం పడి
ఇది మూడో వేసవి.
చంపావతి ఇసకలో తడిచారగా మిగిలింది.
నేను టైమాఫీసు గుమాస్తాని.
చేతికి పని లేకపోయినా
కళ్లు గోడగడియారం వైపే పోతాయి.

క్వార్టరు వెనక, స్నానాలగది నీళ్లు పోయే దారికి
కాస్త ఎడంగా, జానెడు గొయ్యి తవ్వాను.
ముల్లంగంత దుంప, నల్లగా, ముడతలు ముడతలుగా.
కిందన చివికిన జనుము తుక్కు, మీద పిడకల బూడిద.
మే నెలంతా అక్కడ ఏమీ లేదు.
ఓసారి కోడి గీకితే చుట్టూ ఇటుకలు పెట్టాను.
ఏమీ లేనిచోటికి రోజూ చెంబుడు నీళ్లు పోస్తుంటే
పక్కింటివాళ్లు నాకేదో అయిందనుకున్నారు.
జూన్లో, తొలకరికి రెండ్రోజుల ముందు,
గేటు దగ్గర టోకెన్ కోసం చాచిన అరచేతుల్లా
రెండు ఆకులు.

మోకాలెత్తు రాగానే తల గిల్లెయ్యాలి,
అప్పుడే పక్కలకి గుబురు కడుతుంది.
తెల్లపురుగు పడితే సబ్బునీళ్లు.
కణుపుల దగ్గర పుటుక్కున విరుగుతుంది కాడ,
ఊతం కట్టేటప్పుడు ఊపిరి బిగపట్టాలి.

మొదటి పువ్వు ఆగస్టు పదకొండున.
ఎరుపు. నాలుగూ ఐదు.
పాత మస్టర్ పుస్తకం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.
వెనక పేజీలు ఖాళీ.
పదమూడున: ఎరుపు మూడు, నాలుగూ రెండు.
పసుపు మీద గులాబీ చుక్కలది ఒకటి, నాలుగున్నర, లేటు.
ఒకే కొమ్మకి రెండు రంగులెందుకొచ్చాయో
రాయడానికి గడి లేదు.

మునుపు నాలుగింటి కూత విని
ఊరు గేదెల్ని విప్పేది, పొయ్యి రాజేసేది.
ఇప్పుడు పెంటకోటవారి కోడలు
గోడ మీంచి అడుగుతుంది,
"పువ్వులు ఇచ్చుకున్నాయేటి తాతా?"
ఇచ్చుకున్నాయంటే పాలచెంబు తీస్తుంది.

దసరాల్లో గింజలకని వచ్చింది తౌడమ్మ.
చదువు రాదు. ఎర్రసిరాని మాత్రం గుర్తుపట్టింది.
"పూలకీ లేటేస్తన్నావేటి!" అని నవ్వింది.
నవ్వు ఆగాక, మెల్లగా:
"ఆ యేడు గౌరమ్మ పండగనాడు, తొమ్మిది నిమసాలు.
అరపూట జీతం కోసినావు. గేపకం ఉన్నాదా?
ఏలికి సూది దిగిపోతే ఈ ఆకే ఎచ్చజేసి
కట్టు కట్టుకొచ్చినాను. ఆ కట్టుకే తొమ్మిది నిమసాలు."

గింజలింకా పచ్చిగా ఉన్నాయి, నల్లబడ్డాక ఇస్తానన్నాను.

ఆమె వెళ్లాక పుస్తకం ముందుకి తిప్పాను.
వెతకనక్కర్లేదు, పేజీ దానంతటదే తెరుచుకుంటుంది.
అందరి వేలిముద్రలూ నీలం.
ఒకదాని అంచున మాత్రం ఆకుపసరు మరక,
అప్పుడు పచ్చన, ఇప్పుడు టీ రంగు.
పక్కన నా పొట్టి సంతకం.

ఇవాళ బంగాళాఖాతంలో వాయుగుండమట.
పొద్దున్నించీ మబ్బు.
రెండుంబావుకే చెట్టంతా విచ్చుకుని
వాసన వంటింటిదాకా వచ్చింది.
ముందొచ్చినవాళ్లని ఎక్కడ రాయాలో
మస్టర్లో లేదు. ఎప్పుడూ లేదు.
కలానికి మూతపెట్టి బయటికెళ్లాను.

రాలిన గింజలు ఏరాను, మిరియాల్లా ఉన్నాయి,
గుప్పెడు.
గోనెముక్కలో వేసి, అదే పురికొసతో
రెండుసార్లు కట్టాను.
రెండుసార్లూ జారింది.
గోడ మీంచి "పువ్వులు ఇచ్చుకున్నాయేటి తాతా?"
ఇంకా లేదమ్మా, అన్నాను,
గింజలు మళ్లీ ఏరుకుంటూ.